వెనక పుట్టిన పెద్దది

కొలతలకు భయపడే మనిషి కాదు సాయవ్వ. ఆమె కట్టిన చెరకు మోపును ఎత్తి చూసి ఇది తక్కువుందని అన్న మేస్త్రీ బోధన్ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. అలాంటిది, పంతొమ్మిది వందల డెబ్బై అయిదు ఫిబ్రవరిలో ఒక పొద్దున, బోధన్ దవాఖానా వరండాలో గోడకు కొట్టిన కొలత కర్రను చూసి ఆమెకు చెమటలు పట్టాయి.

హైదరాబాదు నుంచి రాజేశ్వర్ అనే డాక్టరు జీపు వేసుకుని వచ్చాడు. ఈయన జ్వరం చూడడు, సూది వేయడు. కవల పిల్లల్ని వెతికి పట్టుకుని కొలుస్తాడు. ఎత్తు, తల చుట్టుకొలత, ముంజేయి, పళ్లు. ఆ తర్వాత రంగు చెక్కముక్కలు ముందు పోసి, ఒక బొమ్మ చూపించి, అచ్చం అలాగే పేర్చమంటాడు. ఇదేం వైద్యమో, దీనికి ఒక జీపెందుకో అని ఊళ్లో నవ్వుకున్న వాళ్లు నవ్వుకున్నారు.

సాయవ్వకు నవ్వు రాలేదు. వారం కిందట ఆయన ఆమె గుడిసె ముందు నిలబడి చెప్పిన మాట ఇంకా చెవిలోనే ఉంది.

“అమ్మా, ఒకే చెరకుగడ నరికి రెండు ముచ్చెలు తీశావనుకో. ఒకటి నల్లరేగడిలో నాటావు, ఒకటి రాళ్ల నేలలో. రెండూ ఒక్కలా పెరగవు కదా! ఆ తేడా ముచ్చెది కాదు, నేలది. నీ పిల్లలిద్దరూ కడుపులో ఒకే మావిని పంచుకుని పుట్టారని దవాఖానా పాత రిజిస్టరులో ఉంది. అంటే ఒకే గడ ముచ్చెలన్నమాట. ఒకరు నీ దగ్గర పెరిగారు, ఒకరు నవీపేట్‌లో మీ అక్క దగ్గర పెరిగారు. పసితనంలో పడ్డ కష్టం మనిషిని ఎంత తగ్గిస్తుందో వాళ్లిద్దరూ చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పలేరు.”

మంచివాడే పాపం. ఎదుటి మనిషికి తెలిసిన పంటతో చెబుదామనుకున్నాడు. ఆ రాళ్ల నేల అనే మాట ఆ మనిషికి ఎక్కడ గుచ్చుకుంటుందో మాత్రం ఆయనకు తట్టలేదు. పెద్ద చదువులు చదివిన వాళ్లతో ఇదే తంటా.

సరే, డాక్టరుదేముంది, రాసుకుంటాడు, పోతాడు. సాయవ్వ భయం డాక్టరు గురించి కాదు. ఆమె పక్కనే బెంచీ మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్న వియ్యపురాలు ముత్తవ్వ గురించి. సాయవ్వ బిడ్డ గంగామణిని రెండేళ్ల కిందట ముత్తవ్వ కొడుకు సిద్దిరాములుకు ఇచ్చారు. ఈ రెండేళ్లలో గంగుకు రెండు కడుపులు నిలవకుండా పోయాయి. మనిషి చూస్తే పన్నెండేళ్ల పిల్లలా ఉంటుంది. పొట్టి, బక్క. నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసం. ముత్తవ్వ తమ్ముడికి పెళ్లీడు కూతురుందన్న సంగతి అందరికీ తెలిసిందే.

డాక్టరు కవలల్ని ఎందుకు కొలుస్తున్నాడో విన్న రోజే ముత్తవ్వ వచ్చి మొహమాటం లేకుండా చెప్పేసింది.

“సూడు వదినె, నేను రాచ్చసిదాన్ని కాదు. తిండి లేక గిట్లైందని డాక్టరంటే, నేను తినవెడ్త, సాదుకుంట. పుట్టుకనే గిట్లాంటిదంటే మాత్రం నా వల్ల గాదు. నాకున్నది ఒక్క కొడుకు. ఇంకొకదాన్ని జేస్త.”

అప్పటి నుంచి సాయవ్వకు ఏ దేవుడికి ఏమని మొక్కాలో అర్థం కాలేదు. తిండి లేక అయిందని తేలితే తప్పు తనది. పుట్టుకే అని తేలితే బిడ్డ కాపురం పోతుంది. తల్లిగా ఏది కోరుకోవాలో చెప్పనక్కర్లేదు. కానీ మనిషి లోపల ఏం కోరుకుంటుందో అది వేరే సంగతి. పద్దెనిమిదేళ్లుగా ఆమె లోపల ఒకటే కోరిక ఉంది. నా తప్పేం లేదు, అది పుట్టుకతోనే అంత అని ఎవరైనా చదువుకున్న మనిషి ఒక్కసారి అంటే చాలునని.

ఎందుకంటే సాయవ్వ దగ్గర ఒక డబ్బీ ఉండేది. తమలపాకుల సున్నం పెట్టుకునేటంత చిన్న రేకు డబ్బీ. దాంట్లో సున్నం ఉండేది కాదు.

యాభై ఆరులో, చెరకు కోత మొదలైన పదిహేను రోజులకు ఆమెకు నొప్పులు వచ్చాయి. తొలిచూలు. మొగుడు కొమురయ్య ఫ్యాక్టరీలో చెరకు గడలు మిషను మీదికి తోసే పనిలో ఉన్నాడు. పగలంతా గడిచినా బిడ్డ బయటికి రాకపోయేసరికి అత్త భయపడి, చెరకు దింపి తిరిగి వస్తున్న ఒక బండిని ఆపి సాయవ్వను ఎక్కించింది. బండి సగం దారిలో ఉండగానే ఎండు చెరకాకుల మీద ఒక ఆడపిల్ల పుట్టింది. హమ్మయ్య అనుకునేలోపు లోపల ఇంకొకటి ఉందని తెలిసింది. ఆ రెండోది దవాఖానాకు పోయాక పుట్టింది. దాని వెంటే నెత్తురు ఆగకుండా పోయి సాయవ్వకు తెలివి తప్పింది.

నాలుగు రోజులు ఆమెకు లోకం తెలియలేదు. ఆ నాలుగు రోజుల్లోనే అంతా జరిగిపోయింది. పాలిచ్చే స్థితిలో తల్లి లేదు, ఇద్దరు పసికందులు. కబురందుకుని నవీపేట్ నుంచి అక్క లింగవ్వ, బావ భోజన్న వచ్చారు. వాళ్లకు పసుపు తోట ఉంది, రెండు బర్రెలున్నాయి, పిల్లలే లేరు. ఒకదాన్ని మాకియ్యండి, బతికించుకుంటామన్నారు. అయిదో రోజు సాయవ్వ కళ్లు తెరిచేసరికి పక్కలో ఒక్కతే ఉంది. దాని చేతికి నల్లదారం కట్టి ఉంది. అత్త దగ్గరికొచ్చి చెప్పింది.

“పెద్దబిడ్డను ఎవలకియ్యద్దు, ఇంటికి మంచిది గాదు. అందుకే పెద్దదాన్ని ఉంచి సిన్నదాన్ని మీ అక్కకిచ్చిన. ఇగో, ఇదే మన పెద్దది.”

అలా పెద్దది గంగామణి ఇక్కడ మిగిలింది, చిన్నది గోదావరి నవీపేట్ పోయింది. ఇద్దర్నీ పక్కపక్కన పడుకోబెట్టి చూసుకునే యోగం సాయవ్వకు దక్కలేదు. మళ్లీ గోదావరిని చూసింది ఏడాది తర్వాత. అప్పటికే అది బొద్దుగా, గడప పట్టుకుని నిలబడుతోంది. గంగు ఇంకా పాకడం లేదు.

పాకేదెలా? మూడో నెల నుంచే సాయవ్వ మళ్లీ కోతకు పోయింది. పోకపోతే గడవదు. గట్టున రెండు కర్రలు పాతి, చీర కట్టి, అందులో పిల్లను వేసేది. అది ఆకలికి ఏడిస్తే కోత ఆగేది. కోత ఆగితే మేస్త్రీ కేకలేసేవాడు. పక్క వరుసలో కోసే ముసలామె డబ్బీ ఇచ్చి ఉపాయం చెప్పింది. నల్లమందు, ఆవగింజంత. వేలితో అంగిట్లో రాస్తే చాలు, పొద్దు వంగే దాకా పిల్ల లేవదు. లేవని పిల్ల పాలు అడగదు. సాయంత్రం లేచినా మత్తులో రెండు గుక్కలు తాగి మళ్లీ పడుకునేది. ఎంత మంచి పిల్లనే నీ బిడ్డ, ఏడ్వనే ఏడ్వదు అని తోటివాళ్లు మెచ్చుకునేవాళ్లు. ఆ మెచ్చుకోలు వింటే అప్పట్లో సాయవ్వకు గర్వంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే తన చెంప తానే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండు కోతకాలాలు అలా గడిచాయి. తర్వాత కరువులు, కొమురయ్య జ్వరంతో పోవడం, గంజినీళ్లతో గడిచిన రోజులు, ఇవన్నీ ఉన్నాయి. కానీ కరువు దేవుడిచ్చింది, జ్వరం దేవుడిచ్చింది. డబ్బీ మాత్రం తన చేతిలోది.

“గంగామణి, గోదావరి!” అని లోపలి నుంచి పిలుపు వచ్చింది.

గోదావరి అప్పుడే భోజన్నతో నవీపేట్ నుంచి బస్సు దిగి వచ్చింది. లింగవ్వ పోయి మూడేళ్లయింది కాబట్టి పెంచిన తండ్రే తీసుకొచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. అదే ముక్కు, అదే నుదురు, ఎడమ కనుబొమ మీద అదే సుడి. కానీ గంగు తల గోదావరి భుజం దాటి కొంచెమే పైకి వచ్చింది. వరండాలో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. సాయవ్వకు తల ఎత్తడం చేతకాలేదు.

డాక్టరు కార్డు తీసుకుని అడిగాడు. “ఇద్దరిలో పెద్దమ్మాయి ఎవరమ్మా?”

“గంగు పెద్దది సారు. నా దగ్గరున్నది.”

ఆయన రాసుకున్నాడు. ఆ ఒక్క ముక్క రాసుకోవడానికి ఆయన కలానికి పట్టింది రెండు క్షణాలు.

కొలతలు పొద్దంతా సాగాయి. కర్ర కింద నిలబెట్టినప్పుడు గంగు ఎవరూ చూడకుండా మడమలు ఎత్తబోయింది. నర్సమ్మ మాసూమా మెల్లగా భుజం మీద చేయి వేసి దించింది. మాసూమా ఈ దవాఖానాలో పాతికేళ్లుగా ఉన్న మనిషి. పాత రిజిస్టర్లు చెదలు పట్టకుండా దాచింది కూడా ఆమే. చెక్కముక్కల దగ్గర గోదావరి చకచకా పేర్చేసి లేచింది. గంగు ఒక్కో ముక్కనూ తిప్పి తిప్పి చూస్తూ చాలాసేపు తీసుకుంది, కానీ తప్పు పేర్చలేదు. డాక్టరు దాన్నీ రాసుకున్నాడు.

అంతా అయ్యాక ముత్తవ్వ లేచి కొంగు బిగించి ఆయన బల్ల ముందుకు పోయింది.

“సారూ, ఒక్క మాట సెప్పుండ్రి. ఈ పిల్ల పుట్టుకనే గిట్ల పుట్టిందా, ఎన్కనుంచి గిట్లైందా?”

ఆ ప్రశ్న వెనక ఏముందో ఆయనకు ఏం తెలుసు! ఈ పేదింటి ముసలామెకు సైన్సు మీద ఇంత ఆసక్తా అని సంతోషపడ్డాడు కూడా. రిజిస్టరు నకలు తీసి కార్డుతో పోల్చి చూశాడు. మొహం కొంచెం చిన్నబోయింది.

“అంతా నేలదేనని అనుకున్నాను. కానీ ఇక్కడ పుట్టినప్పటి బరువులున్నాయి. పెద్దమ్మాయి నాలుగు పౌండ్లు. చిన్నమ్మాయి అయిదు పౌండ్ల ఆరు ఔన్సులు. ఒకే మావి అయినా ఒక్కోసారి ఒకరికే ఎక్కువ అందుతుంది. అంటే గంగామణి పుట్టుకతోనే బాగా తక్కువ. తర్వాతి తిండి ప్రభావం కొంత ఉండొచ్చు కానీ, మొదలే అక్కడ ఉంది.”

“పుట్టుకనే అన్నట్టు,” అంది ముత్తవ్వ.

“అలాగే అనుకోవాలి.”

సాయవ్వ గుండెల మీద నుంచి పద్దెనిమిదేళ్ల బరువు దిగింది. దిగిందంటే దిగింది, అబద్ధం ఎందుకు? గోడకు ఆనుకుంది. నేను కాదు, నేను కాదు అని లోపల ఎవరో పాడుతున్నట్టుంది. ఆ పాట ఆగాకే ఆమెకు ఎదురుగా గంగు కనబడింది. గంగు అత్త మొహం కేసి చూస్తోంది. ముత్తవ్వ కోడలి కేసి చూడకుండా చెప్పులు వేసుకుంటోంది.

గేటు దాకా మాసూమా సాగనంపడానికి వచ్చింది. పాత రోజులు గుర్తొచ్చి ఆమెకు ఉషారుగా ఉంది.

“నాకు మస్తు యాదున్నది సాయవ్వా. బండిల పుట్టిన పిల్లను మీ అత్త కొంగుల సుట్టుకొని తెచ్చింది. ఒళ్లంత చెరకాకే. తక్కెట్ల ఏస్తే నాలుగంటే నాలుగు పౌండ్లు. యా అల్లా, ఇది బతుకుతదా అనుకున్న. ఈడ పుట్టిందే గట్టిది. అది పుట్టంగనే దవాఖాన లేచేటట్టు ఒర్లింది.”

సాయవ్వ ఆగిపోయింది.

బండిలో పుట్టింది గోదావరి. నవీపేట్ పోయింది గోదావరి. దవాఖానాలో పుట్టి, దవాఖానా లేచేలా ఏడ్చింది చేతికి నల్లదారం కట్టిన పిల్ల. అత్త ఆ రోజు అన్న మిగతా మాట ఇప్పుడు చెవిలో మోగింది. “ఎన్కొచ్చినదే పెద్దది. ముందుగాల కడుపుల పడ్డది అడుగునుంటది. మీదున్నది ముంగట బయటికొస్తది.” బస్తాలో ముందు పోసిన గింజ చివర బయటికి వస్తుంది కదా, అలాగ. కవలల్లో వెనక పుట్టిందే పెద్దదని సాయవ్వకు తెలుసు, సాయవ్వ తల్లికి తెలుసు, ఆ వాడలో పిల్లల్ని కన్న ప్రతి ఆడదానికీ తెలుసు. తెలియంది డాక్టరుకే. రిజిస్టరులో ఒకటో నంబరు పక్కన రాసిన నాలుగు పౌండ్లను ఆయన తీసుకొచ్చి పెద్దదన్న గంగు నెత్తిన పెట్టాడు.

గంగు అయిదు పౌండ్ల ఆరు ఔన్సుల పిల్ల. గంగు గట్టిది. గట్టి పిల్లను తీసుకుని, నోట్లో వేలు పెట్టి, నిద్రపుచ్చి, ఇలా చేసింది తాను.

ఈ సంగతి తెలిసిన మనిషి ఇంకొకరు లేరు. అత్త పోయింది, కొమురయ్య పోయాడు, లింగవ్వ పోయింది. భోజన్నను అడిగితే పిడికెడుండె అంటాడు, మగవాళ్లకు పుట్టిన పిల్లలందరూ పిడికెడే. మాసూమాకు ఏ పిల్ల ఎటు పోయిందో తెలియదు. డాక్టరు రేపు పొద్దున్నే నిజామాబాదు వెళ్లిపోతున్నాడు. సాయవ్వ నోరు మూసుకుంటే చాలు, ప్రపంచంలో ఇక ఎవరూ ఆమెను వేలెత్తి చూపలేరు.

ఆమె నోరు మూసుకుంది. ఎందుకు దాచాలి, ఆ సాయంత్రం ఆమె మామూలుగా ఇంటికి పోయింది, పొయ్యి వెలిగించింది, జొన్న రొట్టె చేసుకుని తిన్నది. గిన్నె కడిగి బోర్లించి పడుకుంది, అంతే.

పొద్దు పొడిచే వేళకు గంగు వచ్చింది. చంకలో బట్టల మూట. ముత్తవ్వ కొట్టలేదు, తిట్టలేదు, పొద్దున్నే చాయ్ తాగించి మరీ పంపిందట. సిద్దిరాములు మాత్రం గొడ్ల కొట్టంలోకి పోయి బయటికి రాలేదట. గంగు మూట దించకుండానే తల్లి పక్కన కూర్చుంది. ఏడుస్తుందేమోనని సాయవ్వ ఎదురుచూసింది. ఏడవడం ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు.

“నువ్వు రంది వెట్టుకోకు అవ్వా,” అంది గంగు. “నువ్వేం జేస్తవ్? నా పుట్టుకనే గట్లనాయె.”

అంతకంటే రెండు తన్నులు తన్నినా బాగుండేది. సాయవ్వ లేచి గంగు రెక్క పట్టుకుని బయటికి లాగింది.

“నడువ్!”

“ఏడికే?”

“జీపు పోతది, నడువ్!”

రెండు మైళ్లు. ఆ వేళకు చెరకు బండ్లు ఫ్యాక్టరీ దాకా బారు తీరి రోడ్డంతా మూసుకుని ఉన్నాయి. సాయవ్వ బండ్ల సందుల్లోంచి, ఎడ్ల మూతుల ముందు నుంచి దూసుకుపోతోంది. వెనక గంగుకు ఆయాసం. ఆగమని అడగదు, నిలబడి పక్కలు పట్టుకుంటుంది, మళ్లీ పరిగెడుతుంది. దూరం నుంచి చూస్తే దవాఖానా గేటులో జీపు ఇంజను ఆడుతోంది. పెట్టెలు ఎక్కించేశారు. డాక్టరు ముందు సీట్లో కూర్చున్నాడు. జీపు కదిలింది. సాయవ్వ రోడ్డుకు అడ్డంగా పోయి నిలబడింది. డ్రైవరు బ్రేకు వేసి నానా మాటలూ అన్నాడు. ఆమె పట్టించుకోలేదు.

“సారూ, తప్పు రాసినవ్. పెద్దదంటే ఎన్కొచ్చినది!”

డాక్టరుకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది. బండి, చెరకాకు, నల్లదారం, అత్త మాట అన్నీ చెప్పింది. మాసూమా వరండాలోంచి పరిగెత్తుకొచ్చి విని నోటి మీద చేయి వేసుకుంది. “అవును సాబ్, మా ఇండ్లల్ల గూడ గట్లనే అంటరు. నాకు నిన్న సమజ్ కాలె.”

డాక్టరు దిగి జీపు మెట్టు మీద కూలబడ్డాడు. గంగు కార్డు వెతికి తీసి, రెండు అంకెలనూ కొట్టేసి తారుమారు చేసి రాశాడు. తర్వాత పెట్టెలో ఉన్న మిగతా ముప్పై కార్డుల కట్ట కేసి చూశాడు. ఈ జిల్లాలో తిరిగిన రెండు నెలలూ ప్రతి గుమ్మంలో ఆయన అడిగింది అదే ప్రశ్న, పెద్దది ఎవరని. జవాబు చెప్పిన ప్రతి తల్లీ నిజమే చెప్పింది. ఆయన మొహం చూస్తే ఇంకొకప్పుడైతే సాయవ్వకు జాలి కలిగేది.

“ఇంకొకటున్నది సారు. గది గూడ రాస్కో.”

“ఏంటమ్మా?”

గంగు పక్కనే నిలబడి ఉంది. సాయవ్వ ఆ వైపు చూడకుండా చెప్పింది. డబ్బీ సంగతి చెప్పింది. ఆవగింజంత అని చెప్పింది, ఎన్ని రోజులో చెప్పింది, రెండు కోతకాలాలని చెప్పింది.

డాక్టరు కలం పట్టుకునే ఉన్నాడు, రాయడం లేదు. “ఇది రాయకపోయినా...”

“రాయి! తేడా నేలదన్నవ్ గద. నేలనే సెప్తున్నది, రాస్కో.”

ఆయన రాశాడు. గంగు తల వంచుకుని కాలి బొటనవేలితో మట్టిలో ఏదో గీస్తోంది. అలాగే గీస్తూ అడిగింది, తల్లిని కాదు, మాసూమాను.

“నర్సమ్మా, నేను నిజంగ గంత గట్టిగ ఏడ్సిన్నా?”

“దవాఖాన లేచింది బిడ్డా,” అంది మాసూమా.

జీపు నిజామాబాదు పోలేదు. తల్లీబిడ్డలను ఎక్కించుకుని ముత్తవ్వ ఇంటి ముందుకు పోయి ఆగింది. డాక్టరు తాను చెప్పింది తప్పని పదిమంది ముందు ఒప్పుకున్నాడు, ఆ ముక్క ఆయన గురించి చెప్పుకోవాలి. గంగు పుట్టుకలో ఏ లోపమూ లేదన్నాడు. ఎముక ఇక పెరగదనీ, కాన్పు కష్టంగానే ఉంటుందనీ, కడుపుతో ఉన్నప్పుడు పాలు, గుడ్లు తప్పక పెట్టాలనీ, నొప్పులు రాకముందే దవాఖానాకు తేవాలనీ దాచకుండా చెప్పాడు. ముత్తవ్వ అంతా విని సాయవ్వ కేసి తిరిగింది.

“నల్లమందు వెట్టినవా వదినె?”

“వెట్టిన.”

కొట్టంలోంచి బయటికి వచ్చి నిలబడ్డ కొడుకు వైపు ముత్తవ్వ ఒకసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది. “కైకిలి పనికి వోయినోళ్లల్ల వెట్టనిదెవలు?” అని, కోడలి చంకలోంచి మూట తీసుకుని లోపలికి పోయింది.

ముత్తవ్వ మాట మీద నిలబడే మనిషి. రోజూ సాయంత్రం గంగు ముందు పాల చెంబు పెట్టి, అయిపోయే దాకా ఎదురుగా కూర్చునేది. అంతా బాగానే ఉంది. గంగు మాత్రం తల్లితో ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. పండక్కి వచ్చేది, అన్నం తినేది, జుట్టు దువ్వించుకునేది. తిట్టదు, క్షమించాననీ అనదు. సాయవ్వ ఆ తర్వాత కోతకు పోయిన ప్రతి చోటా గట్టున ఊగే చీరల దగ్గరికి పోయి, నిద్రపోతున్న పిల్లల కనురెప్పలు ఎత్తి చూసేది. డబ్బీ కనబడితే లాక్కుని కాలువలోకి విసిరేది. నీకెందుకే ముసల్దానా అని తల్లులు తిట్టినా, మేస్త్రీలు వరుసలోంచి తీసేసినా మానలేదు. కానీ ఆమె ఎదురుచూస్తున్న మాట వేరే చోట నుంచి రావాలి.

డెబ్బై ఏడులో గంగుకు దవాఖానాలో కొడుకు పుట్టాడు. కడుపు కోసి తీశారు. మాసూమా తూచి, కిలోల్లో చెప్పింది, రెండు కిలోల నాలుగువందల గ్రాములు. పౌండ్లలో ఎంతని సాయవ్వ అడిగింది. మాసూమా లెక్కకట్టి చెప్పింది, అయిదు మీద కొంచెం. సాయవ్వ తలుపు దగ్గరే నిలబడిపోయింది. దగ్గరికి పోయి ఎత్తుకోవడానికి చేతులు రాలేదు. ఆ వేలు, ఆ చేతి వేలు, దాన్ని కొంగులో దాచుకుంది.

పసివాడు ఒక్కసారిగా గుక్కపట్టి ఏడ్చాడు. వార్డంతా తిరిగి చూసింది. ముత్తవ్వ ఎత్తుకోబోయింది. గంగు వద్దని చేయి అడ్డం పెట్టి, తల్లిని పిలిచింది.

“రా అవ్వా, ఎత్తుకో.”

సాయవ్వ వచ్చి కూర్చుంది. గంగు బిడ్డను తల్లి ఒళ్లో పెట్టింది. వాడు ఇంకా గట్టిగా ఏడుస్తున్నాడు. సాయవ్వ అలవాటు కొద్దీ ఒళ్లో ఊపుతూ, ఉష్ ఉష్ అంటూ ఊరుకోబెట్టబోయింది. గంగు ఆమె మోకాలి మీద చేయి వేసి ఆపింది.

“ఊకోవెట్టకు. ఏడ్వనియ్యి అవ్వా. ఎంత ఏడ్సినా ఏడ్వనియ్యి.”